కనెక్టర్‌ని పట్టుకోవాల్సింది చెక్క, చెయ్యి కాదు

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు మాట సోల్డరింగ్ గురించి, అంటే సోల్డర్ అనే లోహపు తీగను కరిగించి వైర్లను అతికే పని గురించి, అందులోనూ బ్యాటరీ వైరుకు కనెక్టర్ అతికేటప్పుడు దాన్ని దేనితో పట్టుకోవాలనే ఒక్క విషయం గురించి. ఇంత చిన్న సంగతికి రేడియోలో ప్రసంగం ఎందుకంటారేమో. మన నల్లగొండలో, పాలమూరులో ఇప్పుడు డిగ్రీ పిల్లలు, ఇంజనీరింగ్ పిల్లలు సొంతంగా డ్రోన్లు కట్టుకుంటున్నారు, థర్మాకోల్ విమానాలు ఎగరేస్తున్నారు, రిమోట్ కార్లు విప్పి మళ్ళీ బిగిస్తున్నారు. వాళ్ళ చేతుల్లో పాడైన కనెక్టర్లు చాలా చూశాను. పని రాక పాడైనవి తక్కువ, సరిగ్గా పట్టుకునే సాధనం లేక పాడైనవే ఎక్కువ.

లెక్క చూడండి. ఒక చేతిలో ఐరన్, అంటే కొన వేడెక్కే సోల్డరింగ్ కడ్డీ, ఒక చేతిలో సోల్డర్ తీగ, వైరు పట్టుకోవడానికి ఇంకో చెయ్యి, కనెక్టర్ పట్టుకోవడానికి మరో చెయ్యి. నాలుగు చేతుల పని ఇది. రెండు చేతులతో చేయబోతే ఏమవుతుందంటే, సోల్డర్ కరిగి కనెక్టర్‌లో వైరు దూరే చిన్న కప్పులో నిండుతుంది, ఐరన్ తీస్తాం, అది గట్టిపడే ఆ కొద్ది సెకన్లలో వేలు కాలి వైరు కదులుతుంది. అద్దంలా మెరవాల్సిన అతుకు బూడిద రంగులో గరుకుగా తేలుతుంది. పైకి అంటుకున్నట్టే ఉంటుంది, లోపల అంటదు. అలాంటి అతుకులో నిరోధం రెండు మిల్లీ ఓములు పెరిగినా చాలు, 50 ఆంపియర్లు లాగే మోటారు నడిచేటప్పుడు ఆ చిన్న చోట 5 వాట్ల వేడి పుడుతుంది. విమానం గాల్లో ఉండగా ఆ అతుకు ఊడితే కింద ఎవరున్నారో మనం చూసుకోలేం.

సరే, దేనితో పట్టుకోవాలి? బజార్లో హెల్పింగ్ హ్యాండ్ అని దొరుకుతుంది, బరువైన ఇనుప దిమ్మ మీద రెండు క్రొకొడైల్ క్లిప్పులు, మధ్యలో భూతద్దం. సన్నని వైర్లకు, సర్క్యూట్ బోర్డులకు అది మంచిదే. కానీ బ్యాటరీలకు వాడే 12 గేజ్ సిలికాన్ వైరు లావుగా, బరువుగా ఉంటుంది, దాని బరువుకే ఆ క్లిప్పు మెల్లగా కిందికి వాలిపోతుంది. పైగా క్లిప్పు పళ్ళు మెత్తని సిలికాన్ తొడుగులో దిగి గాట్లు పెడతాయి. ఇక బెంచ్ వైస్ సంగతి. బలంగా పడుతుంది, కాదనను, కానీ దాని ఇనుప దవడలు ఐరన్ ఇచ్చే వేడినంతా లాగేసుకుంటాయి. కనెక్టర్ వేడెక్కక మనం ఐరన్‌ని ఇంకాసేపు ఆనిస్తాం, ఈలోపు ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

అందుకే నేను చెక్క అంటాను. కంసాలి నగ అతికేటప్పుడు బొగ్గు పలక మీద ఎందుకు పెడతాడు? బొగ్గు వేడిని తాగదు, ఆ వేడంతా నగకే దక్కుతుంది. చెక్క కూడా అంతే. మీ ఊళ్ళో వడ్ల ఆయన దగ్గరికి వెళ్ళి అరచేయంత టేకు ముక్కో, వేప ముక్కో అడగండి, రెండంగుళాల మందం ఉంటే కదలకుండా కూర్చుంటుంది. ప్లైవుడ్ వద్దు, వేడికి అందులో జిగురు వాసన కొడుతుంది. దాంట్లో నిలువుగా రంధ్రాలు వేయించండి. మీ దగ్గరున్న బుల్లెట్ కనెక్టర్లు, అంటే తూటాలా గుండ్రంగా ఉండే ఒంటి పిన్నువి, వెంట తీసుకెళ్ళి చూపిస్తే ఆయనే సరైన డ్రిల్లు బిట్టు ఎంచుకుంటాడు. 3.5 మిల్లీమీటర్ల దానికి ఒకటి, 4 దానికి ఒకటి, 5.5 దానికి ఒకటి. పిన్ను కాస్త ఒత్తితే దిగాలి, తిప్పితే తిరగకూడదు. కప్పు మాత్రం చెక్కపైన నిలబడాలి, నోరు ఆకాశం వైపు ఉండాలి. అప్పుడు కరిగిన సోల్డర్ పక్కకు కారదు, కప్పులోనే నిలుస్తుంది.

ఇప్పుడు అందరూ వాడే పసుపు రంగు ఎక్స్‌టీ60 కనెక్టర్ సంగతి. దీని ఒళ్ళు నైలాన్, లోపల బంగారు పూత ఉన్న పిన్నులు. ఎక్కువసేపు వేడిచేస్తే నైలాన్ మెత్తబడి పిన్ను పక్కకు ఒరుగుతుంది, ఆ తర్వాత దానికి ఎదురుగా తగిలించే జత కనెక్టర్‌లో దిగదు. దీనికి మందు ఆ జతే. వైర్లేమీ లేని ఖాళీ జత కనెక్టర్ ఒకటి తెచ్చి దీనికి తగిలించి, ఆ తర్వాతే సోల్డర్ చేయండి. పిన్నులు వంగకుండా అది పట్టుకుంటుంది, ప్లాస్టిక్ వైపు వెళ్ళే వేడిలో కొంత తాను తీసుకుంటుంది. ఆ జతను చెక్కలో తొలిచిన గాడిలో కూర్చోబెడితే రెండు చేతులూ ఖాళీ. చెక్క లేకపోతే కటింగ్ ప్లేయర్ దవడల మధ్య ఆ జతను పెట్టి పిడులకు రబ్బరు బ్యాండు బిగించండి, ఆ పూటకు గడుస్తుంది. వైరును పట్టుకోవడానికి చెక్కతో చేసిన బట్టల క్లిప్పు చాలు, ఆ చెక్క పక్కన ఒక మేకుకు కట్టేస్తే వైరు కప్పుకు సూటిగా నిలుస్తుంది.

ఐరన్ విషయంలో పీనాసితనం వద్దు. కరెంటు సామాన్ల షాపులో దొరికే 25 వాట్ల ఐరన్ ఈ లావు వైరుకు చాలదు, 60 వాట్లైనా ఉండాలి, కొన సూదిలా కాక ఉలిలా వెడల్పుగా ఉండాలి. ముందు వైరు కొసకు సోల్డర్ పట్టించండి, కప్పులోనూ కొంత నింపండి, తర్వాత రెండింటినీ కలిపి వేడిచేయండి. ఇలా చేస్తే కొన్ని సెకన్లలో అయిపోతుంది. కరిగినప్పుడు సోల్డర్ పైభాగం నీళ్ళలా తళతళలాడుతుంది, చల్లబడుతుంటే ఆ మెరుపు మీద సన్నగా ఒక మార్పు పాకుతుంది. అది పాకి ఆగేదాకా దేన్నీ ముట్టుకోకండి, నోటితో ఊదకండి.

మన ఎండాకాలంలో ఫ్యాను ఆపమంటే కష్టమే. అయినా ఆపండి, గాలికి ఐరన్ కొన చల్లారిపోతుంది. కిటికీ మాత్రం తెరవండి, ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముందు కూర్చోవద్దు.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది. డ్రోన్లలో వాడే లైపో, అంటే లిథియం పాలిమర్, బ్యాటరీకి స్విచ్ ఉండదు, దాని వైర్లలో ఎప్పుడూ కరెంటు సిద్ధంగానే ఉంటుంది. పాత కనెక్టర్ తీసేటప్పుడు రెండు వైర్లూ కలిపి ఒకే కత్తిరింపుతో ఎప్పుడూ కోయకండి, ఆ కత్తెరే రెండింటినీ కలిపేస్తుంది, నిప్పు లేస్తుంది. ముందు ఎరుపు వైరు ఒక్కటే కోయండి, అతకండి, వేడికి ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు కప్పండి, అప్పుడే నలుపు జోలికి వెళ్ళండి. ఆ స్లీవు వైరుకు ముందే ఎక్కించి దూరంగా జరిపి పెట్టుకోవాలి, అతికాక ఎక్కదు. ఫుల్ ఛార్జి ఉన్న బ్యాటరీ మీద పని వద్దు, సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచుకుని మొదలుపెట్టండి, పక్కన ఇసుక బకెట్ ఉండాలి. ఉబ్బిన బ్యాటరీకి కనెక్టర్ మార్చే పనే పెట్టుకోకండి. పొలాల్లో మందు కొట్టే పెద్ద డ్రోన్ల బ్యాటరీలను ఇంట్లో విప్పొద్దు, వాటి శక్తి వేరు.

అతికాక వైరును గట్టిగా లాగి చూడండి. కనెక్టర్ మీద ప్లస్, మైనస్ గుర్తులు అచ్చువేసే ఉంటాయి, వోల్టులు కొలిచే మీటరు ఎర్ర ప్రోబు ప్లస్‌కు, నల్లది మైనస్‌కు పెట్టండి. అంకె ముందు మైనస్ గీత కనిపిస్తే వైర్లు తారుమారయ్యాయని అర్థం, సరిచేసేదాకా ఆ బ్యాటరీని దేనికీ తగిలించకండి. నమస్కారం.