ఆటోక్యాడ్‌లో గీతల రంగు, రకం, మందం: ఒక్కసారి సెట్ చేసి వదిలేద్దాం

[స్క్రీన్ మీద: ఖాళీ డ్రాయింగ్, పైన ప్రాపర్టీస్ ప్యానెల్]

నమస్కారం. ఏమీ సెలెక్ట్ చేయకుండా, ప్రాపర్టీస్ ప్యానెల్‌లో రంగు దగ్గర ఎరుపు పెడుతున్నాను, చూడండి. ఒక గీత గీశాను, ఎర్రగా వచ్చింది. లేయర్, అంటే ఒక జాతి గీతల్ని విడిగా పెట్టుకునే పొర, దాన్ని మార్చి ఇంకోటి గీశాను. ఈ లేయర్‌కి ఆకుపచ్చ రంగు ఇచ్చి ఉంది, అయినా గీత ఎరుపే. సేవ్ చేసి మూసేసి, మళ్లీ తెరిచినా అదే వరస. "లేయర్ రంగు మార్చాను కదా, గీతలు మారవేంటి?" అని చాలామంది తల పట్టుకునేది ఇక్కడే.

ఇందాక పెట్టిన ఎరుపు ఈ ఫైల్‌లో సీఈకలర్ అనే సిస్టమ్ వేరియబుల్‌లోకి, అంటే ఆటోక్యాడ్ గుర్తుపెట్టుకునే ఒక సెట్టింగులోకి, వెళ్లి కూర్చుంది. ఇకపై గీసేవన్నీ దాని మాటే వింటాయి, లేయర్ మాట వినవు. అలాగే లైన్‌టైప్‌కి, అంటే గీత రకానికి, సీఈఎల్‌టైప్, మందానికి సీఈఎల్‌వెయిట్ ఉన్నాయి. మూడింటినీ బైలేయర్‌లో, అంటే లేయర్ చెప్పినట్టే నడిచేలా, పెట్టి, ఇక ముట్టుకోకండి. డిఫాల్ట్ ఎక్కడ పెట్టాలంటే నేను చెప్పేది ఒకటే: రంగూ రకమూ మందమూ లేయర్‌కి ఇవ్వండి, ఆ లేయర్లని టెంప్లేట్‌లో, అంటే కొత్త ఫైళ్లకి మూసగా వాడే ఫైల్‌లో, సేవ్ చేయండి.

[స్క్రీన్ మీద: లేయర్ మేనేజర్]

ఎల్ఏ అని కొట్టి ఎంటర్ నొక్కితే లేయర్ మేనేజర్ వస్తుంది. మెషీన్ డ్రాయింగ్ అనుకుందాం. నాలుగు లేయర్లు చేస్తున్నాను: కనిపించే అంచులకి ఒకటి, దాగిన అంచులకి ఒకటి, సెంటర్ లైన్లకి ఒకటి, డైమెన్షన్లకి ఒకటి. సెంటర్ లైన్ వరసలో కంటిన్యుయస్ అని ఉన్నచోట క్లిక్ చేస్తే లిస్టులో సెంటర్ కనిపించదు. కంగారు పడకండి, లోడ్ బటన్ నొక్కితే పెద్ద లిస్టు వస్తుంది. అందులోంచి సెంటర్, హిడెన్ రెండూ తెచ్చుకోండి.

ఇప్పుడు మందం. లైన్‌వెయిట్ కాలమ్‌లో అన్నిటికీ డిఫాల్ట్ అని ఉంటుంది. అలా వదిలేయొద్దు. ఆ డిఫాల్ట్ మామూలుగా 0.25 మిల్లీమీటర్లు. కానీ ఆ విలువ డ్రాయింగ్‌లో ఉండదు, మీ కంప్యూటర్‌లో ఉంటుంది. అవతలివాళ్ల సిస్టమ్‌లో దాన్ని ఎవరైనా మార్చి ఉంటే, మీ డ్రాయింగే అక్కడ వేరే మందంతో ప్రింటవుతుంది. అందుకే అంకె వేసేయండి: కనిపించే అంచులకి 0.50, మిగతా మూడింటికీ 0.25. మందపు గీతకి సన్నగీత సగం ఉండాలన్నది డ్రాయింగ్ ప్రమాణం ఐఎస్ఓ 128 పద్ధతి. అందులోని మందాలు 0.25, 0.35, 0.5, 0.7 ఇలా వెళ్తాయి. ఒక్కో మెట్టుకీ దాదాపు 1.4 రెట్లు. ఏ2 కాగితాన్ని ఏ3కి తగ్గించి ప్రింట్ తీస్తే 0.5 గీత సరిగ్గా 0.35 దగ్గరికి వస్తుంది. ఆ అంకెలు ఊరికే పెట్టినవి కావు మరి.

మందం స్క్రీన్ మీద కనపడకపోతే కింద స్టేటస్ బార్‌లో లైన్‌వెయిట్ బటన్ ఆన్ చేయండి.

రంగు విషయంలో ఒకటే జాగ్రత్త. ఇండెక్స్ కలర్ ట్యాబ్‌లోని 255 రంగుల్లోంచే తీసుకోండి, నంబర్ లేకుండా నచ్చిన ఛాయ కలుపుకునే ట్రూ కలర్ జోలికి పోకండి. మోనోక్రోమ్ ప్లాట్ స్టైల్ అనే ప్రింట్ సెట్టింగ్ ఇండెక్స్ రంగులన్నిటినీ నలుపుగా మార్చి ప్రింట్ చేస్తుంది. ట్రూ కలర్‌ని మాత్రం మార్చదు. తెల్లగా కావాలంటే 7వ నంబర్ తీసుకోండి. అది నల్ల స్క్రీన్ మీద తెల్లగా, కాగితం మీద నల్లగా ఉంటుంది.

[స్క్రీన్ మీద: చిన్న రంధ్రం, దాని సెంటర్ లైన్ గీత తెగకుండా కనిపిస్తూ]

ఇక అందరికీ టెన్షన్ తెచ్చేది ఇదీ. లేయర్‌కి సెంటర్ లైన్‌టైపే ఇచ్చాం, అయినా గీత తెగకుండా నిండుగా ఉంది! తప్పు లేయర్‌ది కాదు, కొలతది. మెట్రిక్ ఫైల్‌లో సెంటర్ నమూనా ఇలా ఉంటుంది: 31.75 పొడుగు గీత, 6.35 ఖాళీ, 6.35 చిన్న గీత, మళ్లీ 6.35 ఖాళీ. మొత్తం 50.8. మన గీత పొడవు 25 మిల్లీమీటర్లే. నమూనా ఒక్కసారి కూడా పట్టదు కాబట్టి సాఫ్ట్‌వేర్ నిండు గీత గీసేసింది. నమూనా సైజు పెంచి తగ్గించేది ఎల్‌టీస్కేల్, అది కొట్టి 0.25 ఇస్తున్నాను. నమూనా 12.7కి తగ్గింది, గీత విడివిడిగా వచ్చేసింది.

ఇంటి ప్లాన్‌లో దీనికి తలకిందులు. 10 మీటర్ల గోడ మీద హిడెన్ గీత గీస్తే వెయ్యికి పైగా ముక్కలు పడతాయి. దూరం నుంచి చూస్తే అదీ నిండు గీతే. స్కేల్ మారినప్పుడల్లా ఎల్‌టీస్కేల్ మార్చుకుంటూ పోవడం కన్నా, నమూనాని డ్రాయింగ్ స్కేల్‌కి తగ్గట్టు సర్దే ఎంఎస్ఎల్‌టీస్కేల్, పీఎస్ఎల్‌టీస్కేల్ సెట్టింగులు రెండూ 1లో ఉన్నాయో లేదో చూసుకుని, ఎల్‌టీస్కేల్‌ని 0.5 దగ్గర ఉంచేయడం నాకు నచ్చిన దారి. అప్పుడు ముక్కలు కాగితం మీది మిల్లీమీటర్ల లెక్కన పడతాయి. 1:100లో ఆ గోడ కాగితం మీద 100 మిల్లీమీటర్లు, దాని మీద ఇరవై చిల్లర ముక్కలు. చూడ్డానికి బాగుంటుంది. అనొటేషన్ స్కేల్, అంటే ఈ 1:100 లాంటిది, మార్చాక గీతలు మారకపోతే రీజెన్ కొట్టండి, డ్రాయింగ్‌ని మళ్లీ గీసి చూపిస్తుంది.

[స్క్రీన్ మీద: సేవ్ యాజ్ విండో]

ఇదంతా ఇప్పటికి ఈ ఒక్క ఫైల్‌కే. గీసినవన్నీ చెరిపేసి సేవ్ యాజ్‌లో ఫైల్ రకం డ్రాయింగ్ టెంప్లేట్ ఎంచుకోండి, డీడబ్ల్యూటీగా సేవ్ అవుతుంది. తర్వాత ఆప్షన్స్, ఫైల్స్ ట్యాబ్, టెంప్లేట్ సెట్టింగ్స్. అందులో క్యూన్యూకి (కొత్త ఫైల్ తెరిచే కమాండ్‌కి) డిఫాల్ట్ టెంప్లేట్ అనే చోట మీ ఫైల్ చూపించండి. ఇక పైన ఉన్న కొత్త ఫైల్ బటన్ నొక్కగానే నాలుగు లేయర్లూ సిద్ధంగా వస్తాయి.

పాత డ్రాయింగ్‌లో ఇప్పటికే రంగులు కలగాపులగంగా ఉంటే సెట్‌బైలేయర్ కమాండ్ ఉంది. అన్నీ సెలెక్ట్ చేసి ఎంటర్ కొడితే గీతలు లేయర్ రంగులోకి వచ్చేస్తాయి. మధ్యలో బ్లాకుల్ని, అంటే ఒకే వస్తువుగా కట్టిన గీతల గుంపుల్ని, కూడా కలపాలా అని అడుగుతుంది. ఎవరో కావాలని రంగులు వేసి ఇచ్చిన బ్లాకులు ఉంటే అక్కడ నో అనండి. ఎస్ అంటే వాటి లోపలి రంగులూ మారిపోతాయి.