తిథి తెలియని పెద్దాయన

శ్రోతలకు నమస్కారం.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసిన తరువాత, జనాన్ని భయపెట్టడానికి ఆయన తలను కోట బురుజుకు వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. అంత దారుణంలోనూ, ఆయన ఏనాడు పోయాడో ఊరందరికీ తెలుసు. బ్రిటిషు కాలపు మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) జైళ్లలో కన్నుమూసిన పేరులేని తెలుగు ఖైదీలలో ఎందరి విషయంలోనో ఆ పాటి కబురైనా ఇంటికి చేరలేదు.

మా ముత్తాతగారి తమ్ముడు అలాంటివారిలో ఒకరు. పొలం తగాదాలో జరిగిన హత్య కేసులో ఆయనకు ద్వీపాంతరవాస శిక్ష, అంటే అండమానుకు పంపే శిక్ష, పడిందని మాత్రమే ఇంట్లో చెప్పుకునేవారు. తిథి తెలియదు కనుక మా పెదనాన్నగారు ఏటా మహాలయ అమావాస్యనాడే ఆయన పేరు చెప్పి పెద్దలకు బియ్యం ఇచ్చేవారు. ఆ తేదీ కోసమే నేను చెన్నైలో ఎగ్మూరు స్టేషనుకు దగ్గరలో, 1909లో కట్టిన తమిళనాడు ఆర్కైవ్స్ ఎర్రభవనానికి వెళ్లడం మొదలుపెట్టాను.

అక్కడ పేరును నమ్ముకుంటే దారి తప్పుతాము. దొరల కచేరీ గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాసుకున్నారు కనుక, వెంకయ్య ఒక పుటలో వెంకియా, మరో పుటలో యెంకయ్యా అవుతాడు. తండ్రి పేరు, గ్రామం, శిక్ష వేసిన కోర్టు, ఈ మూడింటినీ పట్టుకుని న్యాయశాఖ సూచికలను ఏడాది తరువాత ఏడాదిగా చూడాలి. ఖైదీ చనిపోతే ఆ సంగతి శిక్షా వారంటు మీద రాసి కోర్టుకు తిప్పి పంపేవారు కనుక, జైలు కాగితం దొరకనిచోట కోర్టు కాగితం పలకవచ్చు.

అండమాను ఖైదీలకు ఈ వెతుకులాట మరీ కష్టం. భగత్ సింగ్ సహచరుడిగా లాహోరు కుట్ర కేసులో శిక్షపడి, బళ్లారి జైలు నుంచి అక్కడికి తరలించబడిన మహావీర్ సింగ్, నిరాహారదీక్షలో బలవంతంగా పాలు పట్టించినప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి పోయి 1933 మే 17న మరణించగా, దేహానికి రాళ్లు కట్టి సముద్రంలో వదిలేశారు. దేశమంతా ఎరిగిన వీరుడికే సమాధి లేనప్పుడు మా పెద్దాయన ఎముకలు దొరుకుతాయని నేను ఆశించలేదు. పైగా 1942 నుంచి 1945 వరకు సాగిన జపాను ఆక్రమణలో పోర్ట్ బ్లెయిర్ రికార్డులు చాలావరకు నాశనమయ్యాయి. అందువల్ల ఇటువైపు మిగిలిన నకళ్లే మనకు ఆధారం.

నాలుగో నెలలో, గుడ్డ నాడాతో కట్టిన ఒక కట్టలో, ముట్టుకుంటే అంచు రాలిపోతున్న కాగితం మీద ఆయన తండ్రి పేరు, మా ఊరి పేరు కనిపించాయి. ఎదురుగా ఒక తేదీ, జ్వరం అన్న ఒక్క మాట. వేలు ఆ గీత మీద ఉంచి చాలాసేపు కూర్చున్నాను. ఎక్కడ పూడ్చారన్నది అందులో లేదు.

ఆ సాయంత్రమే పెదనాన్నగారికి ఫోను చేశాను. ఆయన పాత పంచాంగం చూపించి లెక్క కట్టించారు. భాద్రపద బహుళ ఏకాదశి. ఈ ఏడు బియ్యం ఆ రోజునే ఇచ్చాము.