అంబలి కుండ

అందరికీ నమస్కారం. అక్టోబర్ 16 ప్రపంచ ఆహార దినం కదా, ఆకలి గురించి మాట్లాడమని పిలిచారు. ఇందాక మెట్ల దగ్గర ఒకబ్బాయి అడిగాడు: "మన శ్రీకాకుళంలో ఇప్పుడు ఆకలెక్కడుంది మేడమ్?" నేను రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టి, ఆ మాటే పట్టుకుంటాను.

2024లో ప్రపంచంలో 67 కోట్ల మందికి పైగా చాలినంత తిండి దొరకలేదని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. ఆఫ్రికాలో అయితే ప్రతి ఐదుగురిలో ఒకరు. పంట లేకనే అనుకుంటాం. 1943 బెంగాల్ కరువును ఆర్థికవేత్త అమర్త్య సేన్ తవ్వి చూస్తే, బియ్యం మరీ అంత తగ్గిపోలేదని తేలింది. ధర కూలివాడికి అందకుండా పోయింది. ఊళ్లో తిండి ఉంది, కొనే డబ్బు లేదు.

అయితే ఆ 67 కోట్లు కేలరీల లెక్క. రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం వస్తున్న ఇల్లు అందులోకి రాకపోవచ్చు. అదే ఇంట్లో ఆడవాళ్ల రక్తం పరీక్ష చేస్తే వేరే సంగతి బయటపడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. ఈ హాల్లో అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో మీరే చూసుకోండి.

మా అమ్మ చోడి (రాగి) అంబలి తాగి, ఉల్లిపాయ కొరుక్కుని పొలానికి పోయేది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం మా ఇంటిని నిలబెట్టింది, దాన్ని తప్పుపట్టను. కానీ అప్పట్నుంచీ అంబలి మాకు నామోషీ అయిపోయింది. చుట్టాలొస్తే కుండ వెనక గదిలో పెట్టేసేవాళ్లం. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో పది ఉంటే గొప్ప. ఆ సంగతి నాకు డిగ్రీలో గానీ తెలియలేదు. ఇప్పుడా చోడిపిండే రంగు ప్యాకెట్లో మాల్‌లో అమ్ముతున్నారు, చూస్తే నవ్వొస్తుంది.

ఇంకోటి. అమ్మ అందరికీ వడ్డించాక తినేది. అప్పటికి పప్పు గిన్నె అడుగంటేది. మిగిలేది అన్నమూ చారూ. కడుపు నిండేది, ఒంట్లో రక్తం ఉండేది కాదు. ఇదీ ఆ అబ్బాయి ప్రశ్నకు నా జవాబు.

కాలేజీల్లో ఐరన్ మాత్రలు పంచితే కొందరు కిటికీలోంచి పారేస్తారని తెలుసు, నేనూ టీచర్నే. వికారం వస్తుంది, విరేచనం నల్లగా అవుతుంది, దాంతో భయపడతారు. ఆ నలుపు ఐరన్ వల్లే, కంగారు పడక్కర్లేదు. వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోండి. తోటకూరలో నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. టీ దానికి అడ్డం. ఈ మీటింగ్ అవగానే సమోసా, టీ ఇస్తారట. మాత్ర వేసుకున్నవాళ్లు సమోసా తినండి, టీ మాత్రం ఓ గంట ఆగాక తాగండి.