కలుపుగోలు మనిషి అంటే ఎవరు?

[తెర మీద: రైలు కిటికీ, ఒళ్లో స్టీలు డబ్బా]

నమస్తే. విశాఖపట్నంలో రైలెక్కారు. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ సంచి కిందికి తోసి, చెమట తుడుచుకుని, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. తుని వచ్చేసరికి పక్క సీటు కుర్రాడు ఆవిడని 'పిన్నిగారూ' అంటున్నాడు. పులిహోర డబ్బా మూత తీసి, పేపరు ముక్కల మీద అందరికీ తలా ఇంత పెట్టేసింది. ఇలాంటి మనిషికి మన దగ్గర చక్కటి మాట ఉంది. కలుపుగోలు మనిషి.

[తెర మీద: కలుపు + కోలు = కలుపుగోలు]

వేడుకొను నుంచి వేడుకోలు, వీడుకొను నుంచి వీడుకోలు వచ్చాయి కదా. కలుపుకొను నుంచి కలుపుగోలు కూడా అలాగే. కొనుగోలులో లాగా ఇక్కడా 'కో' కాస్తా 'గో' అయింది.

ఇందులో నాకు బాగా నచ్చేది ఆ 'కలుపు'. కలవడం అంటే తను వెళ్లి చేరడం, కలపడం అంటే పక్కవాళ్లని చేర్చడం. మాట కలిపాడు, వరస కలిపింది అంటాం చూడండి, అదే కలుపు. ముక్కూ మొహం తెలియని మనిషిని అక్కా, బాబాయ్ అని వరస పెట్టి పిలిస్తే సగం బెరుకు అక్కడే పోతుంది.

అందుకే ఎక్స్‌ట్రావర్ట్‌కి ఇది సరిగ్గా సరిపోదు. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యూంగ్ 1921లో వేసిన పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చిన ఆ మాట, మనసు బయటి ప్రపంచం వైపు మొగ్గడం గురించి చెబుతుంది. గలగలా మాట్లాడేవాళ్లందరూ కలుపుగోలు మనుషులు కారు. వాళ్లని "చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా?" అని అడుగుతాం, అది వేరే సంగతి.

[తెర మీద: కలుపుగోలుగా, కలుపుగోలుతనం, కలివిడిగా]

"కొత్త కోడలు అందరితో కలుపుగోలుగా ఉంటుంది", "ఆయన కలుపుగోలుతనం వల్లే షాపు నడుస్తోంది" అని వాడతాం. తోడికోడళ్లు ఒకరితో ఒకరు బాగుంటే మాత్రం కలివిడిగా ఉన్నారంటే ఇంకా అందంగా ఉంటుంది. దీనికి ఎదురు మాట కావాలా? ముభావంగా, అంటీముట్టనట్టు.

తక్కువ మాట్లాడేవాళ్లలోనూ కలుపుగోలు మనుషులుంటారు. పెళ్లి భోజనాల దగ్గర ఎవరూ తెలియక గోడవార నిలబడ్డవాళ్లని చూసి, పక్క కుర్చీ లాగి, "రండి, మా బంతిలో కూర్చోండి" అనేవాళ్లు.