వైరల్ లోడ్ ఎంతో చూశాకే పిల్లల ఆలోచన

వ్యాఖ్యాత: హలో, చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం డాక్టరు గారూ. మా ఆయనకు హెచ్ఐవీ ఉందని పెళ్లయ్యాక తెలిసింది. నాకు నెగెటివే వచ్చింది. ఆయన మందులు వాడుతున్నారు. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. కలిసినవాళ్లంతా పిల్లలెప్పుడని అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నా. అసలు మేం పిల్లల్ని కనొచ్చా?

డాక్టర్: నిక్షేపంగా కనొచ్చు. ఆయన వైరల్ లోడ్ ఎంత?

కాలర్: సీడీ4 బాగానే ఉందన్నారండీ.

డాక్టర్: సీడీ4 అంటే రోగనిరోధక కణాల లెక్క, అది వేరమ్మా. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పేది వైరల్ లోడ్. మందులు రోజూ వేసుకుంటే సాధారణంగా 6 నెలల్లోపు అది పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. అలా నిలకడగా ఉంటే కలయిక వల్ల మీకు సోకదు. పార్ట్‌నర్ అనే అధ్యయనంలో కండోమ్ లేకుండా కలిసిన వందలాది జంటలను గమనించారు. 2016లో ఫలితాలు వచ్చాయి. వైరస్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు.

కాలర్: మరి బిడ్డకు? ఆయన్నుంచి...

డాక్టర్: తండ్రి నుంచి నేరుగా రాదు. తల్లికి సోకితేనే బిడ్డకు ప్రమాదం.

కాలర్: అంటే బిడ్డకు రాదంటారా?

డాక్టర్: మీరు నెగెటివ్‌గా ఉన్నంతకాలం రాదమ్మా. ఎన్నిసార్లడిగినా ఇదే చెబుతా, టెన్షన్ పడకండి. వైరల్ లోడ్ అణిగిందని రిపోర్టు వచ్చేదాకా కండోమ్ మానొద్దు. ఇంకా భయముంటే హెచ్ఐవీ సోకకుండా మీరు ముందుగానే వేసుకోవడానికి ప్రెప్ అనే మాత్రలున్నాయి, డాక్టర్‌ను అడగండి. గర్భం వచ్చాక మీకు మళ్లీ పరీక్ష చేయించాలి. ఆయన మాత్రం మాత్ర మానకూడదు.

కాలర్: నావల్లే నీకు ఈ కష్టం అని ఆయన ఒకటే బాధపడతారండీ...

డాక్టర్: రిపోర్టుకు ఇద్దరూ కలిసి వెళ్లండి. డాక్టర్ నోటే వింటే ఆయనకూ ధైర్యం వస్తుంది.

వ్యాఖ్యాత: మరో కాలర్.

కాలర్: నాకే పాజిటివ్ అండీ. ఇప్పుడు మూడో నెల. కడుపులో బిడ్డకు పడవేమోనని మందులు ఆపేశా.

డాక్టర్: ఎవరు ఆపమన్నారమ్మా? ఇవాళే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. మందు లేకపోతే గర్భం, కాన్పు, పాలు అన్నీ కలిపి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సరిగ్గా వాడితే 5 శాతం లోపే. మాత్ర మానొద్దు!

కాలర్: పుట్టాక పాలు...

డాక్టర్: దానికింకా టైముంది. ముందు మందులు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తర్వాతివారు, క్లుప్తంగా అడగండి.

కాలర్: పాజిటివ్ నాకండీ, మా ఆవిడకు లేదు. పిల్లలు కావాలంటే వైరస్ పోయేలా ల్యాబ్‌లో వీర్యం శుభ్రం చేయించాలన్నారు.

డాక్టర్: వైరల్ లోడ్ అణిగి ఉంటే అవసరం లేదు. ఇద్దరూ సుఖవ్యాధుల పరీక్షలు మాత్రం చేయించుకోండి. మాత్రలు వేసుకుంటున్నారుగా?

కాలర్: రోజూ వేసుకుంటున్నానండీ.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. డాక్టరు గారికి ధన్యవాదాలు.