డీమార్ట్ షేర్లలో లోపలివారి కొనుగోళ్లు, అమ్మకాలు: ఎక్స్ఛేంజీ పట్టికను ఎలా చదవాలి?

నమస్కారం. కంపెనీ ప్రమోటర్లు (అంటే కంపెనీని స్థాపించి, నియంత్రణ చేతిలో ఉంచుకున్నవారు), డైరెక్టర్లు, ముఖ్య ఉద్యోగులు సొంత కంపెనీ షేర్లను కొన్నప్పుడో అమ్మినప్పుడో స్టాక్ ఎక్స్ఛేంజీకి ఇచ్చే వివరాలను ఎలా అర్థం చేసుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. అందుకు నేను అవెన్యూ సూపర్‌మార్ట్స్‌ను, అంటే మన ఊళ్లలో నెల సరుకులకు వెళ్లే డీమార్ట్‌ను ఎంచుకున్నాను. 2002లో ముంబైలోని పొవాయ్‌లో మొదటి దుకాణం తెరిచిన ఈ సంస్థ దేశమంతటా ఒకేసారి విస్తరించకుండా, ఒక ప్రాంతంలో వేళ్లూనుకున్నాకే పక్క ప్రాంతానికి వెళ్లింది. అందుకే మహారాష్ట్ర, గుజరాత్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉన్నంత దట్టంగా ఈ దుకాణాలు ఉత్తరాదిలో కనిపించవు.

ఇప్పుడు ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ) వెబ్‌సైట్‌లో కంపెనీ పేజీ తెరిచి, కార్పొరేట్ ఫైలింగ్స్ విభాగంలో ఇన్‌సైడర్ ట్రేడింగ్ అన్నచోట నొక్కండి. మరో ఎక్స్ఛేంజీ అయిన బీఎస్‌ఈలో అయితే 540376 అనే కోడ్‌తో వెతకాలి. బయటికి రాని సమాచారంతో చేసే నేరాన్నీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ అనే అంటారు కాబట్టి ఆ పేరు చూసి కంగారు పడనక్కర్లేదు, ఎందుకంటే ఇక్కడ ఉండేవి నేరాల చిట్టా కాదు, చట్టప్రకారం చెప్పి చేసిన లావాదేవీలు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనల ప్రకారం, ఒక త్రైమాసికంలో లావాదేవీల మొత్తం విలువ 10 లక్షల రూపాయలు దాటితే ఆ వ్యక్తి రెండు ట్రేడింగ్ రోజుల్లోగా కంపెనీకి తెలియజేయాలి, కంపెనీ మరో రెండు ట్రేడింగ్ రోజుల్లోగా ఎక్స్ఛేంజీకి తెలియజేయాలి. షేరు ధర 4,000 రూపాయలు అనుకుంటే, 250 షేర్లు దాటగానే ఆ పేరు ఈ పట్టికలోకి ఎక్కుతుంది.

పట్టికలో చాలామంది చూపు నేరుగా షేర్ల సంఖ్య మీదికి పోతుంది. నేను మాత్రం ముందుగా లావాదేవీ ఏ విధంగా జరిగిందో చెప్పే గడిని చూస్తాను. మార్కెట్లో కొన్నారా, మార్కెట్లో అమ్మారా, ఈసాప్ కింద (ముందే నిర్ణయించిన ధరకు ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే షేర్లుగా) వచ్చాయా, బహుమతిగా ఇచ్చారా, ప్రమోటర్ల కుటుంబంలోనే ఒక ట్రస్టు నుంచి ఇంకో ట్రస్టుకు మారాయా అన్నది అక్కడే తెలుస్తుంది. ఒకే ఇంట్లో ఈ బీరువాలోంచి ఆ బీరువాలోకి మారిన షేర్లను చూసి “ప్రమోటర్ భారీగా అమ్మేశాడు” అని వాట్సాప్‌లో పంపేవారిని నేను చాలామందినే చూశాను.

ఇక డీమార్ట్ ప్రమోటర్ల సంగతికి వద్దాం, ఎందుకంటే అసలు పాఠం ఇక్కడే ఉంది. 2017 మార్చిలో 299 రూపాయల ధరకు వచ్చిన ఐపీఓలో, అంటే కంపెనీ తొలిసారి ప్రజలకు షేర్లు అమ్మినప్పుడు, డీమార్ట్ వ్యవస్థాపకుడు రాధాకిషన్ దమానీ కుటుంబం ఒక్క షేరు కూడా అమ్మలేదు, కంపెనీ జారీ చేసినవన్నీ కొత్త షేర్లే. లిస్టింగ్ తర్వాత కూడా ప్రమోటర్ల వాటా 82 శాతం పైన ఉంది. అయితే లిస్టయిన మూడేళ్లలోగా కనీసం 25 శాతం షేర్లు ప్రజల చేతిలో ఉండాలన్నది నిబంధన కనుక, 2020 మార్చి గడువు దగ్గరపడే సరికి ఫిబ్రవరిలో కంపెనీ 2,049 రూపాయల చొప్పున 2 కోట్ల కొత్త షేర్లను సంస్థాగత మదుపరులకు ఇచ్చి 4,098 కోట్ల రూపాయలు సమీకరించింది, అదే నెలలో దమానీ కూడా ఆఫర్ ఫర్ సేల్ (ప్రమోటర్లు తమ షేర్లను ఎక్స్ఛేంజీ ద్వారా ఇతరులకు అమ్మే పద్ధతి) ద్వారా కొంత వాటా అమ్మారు. దాంతో ప్రమోటర్ల వాటా 75 శాతం లోపుకు దిగింది. ఆ అమ్మకాన్ని నమ్మకం సడలినందుకు గుర్తుగా చదివినవారు చట్టం పెట్టిన గడువును చూడలేదన్నమాట.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అదే 75 శాతం పరిమితి వల్ల, ధర ఎంత పడినా ప్రమోటర్లు మార్కెట్లో పెద్ద ఎత్తున కొనే వీలు లేదు, ఉన్న ఖాళీ బహు స్వల్పం. కాబట్టి “ఇంత పడినా ప్రమోటర్ ఎందుకు కొనడం లేదు” అన్న ప్రశ్నకు డీమార్ట్ విషయంలో అర్థమే లేదు.

కిరాణా వ్యాపారంలో లోపలి సమాచారం ఎలా ఉంటుందో కూడా తెలియాలి. హైదరాబాద్‌లోని ఒక దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగికి తన కౌంటర్ లెక్కే తెలుస్తుంది. అన్ని దుకాణాల రోజువారీ అమ్మకాలను ఒకచోట చూడగలిగినవారికి మాత్రం త్రైమాసికం ముగియకముందే ఫలితం దాదాపుగా అర్థమైపోతుంది. అందుకే త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వెలువడిన 48 గంటల వరకు అలాంటివారికి ట్రేడింగ్ విండో మూసి ఉంచుతారు, అంటే ఆ రోజుల్లో వారు కంపెనీ షేర్లను కొనకూడదు, అమ్మకూడదు. 2024 అక్టోబరు 12, శనివారం ఫలితాలు వచ్చాయి. మహానగరాల దుకాణాలపై ఆన్‌లైన్ కిరాణా ప్రభావం పడిందని కంపెనీయే చెప్పింది, సోమవారం షేరు 8 శాతానికి పైగా పడిపోయింది. అక్టోబరు మొదటి తేదీ నుంచీ విండో మూసే ఉంటుంది, 48 గంటల లెక్క కూడా ఆ సోమవారానికి గాని పూర్తి కాదు కనుక, ఆ పతనానికి ముందు తప్పుకునే అవకాశం లోపలివారికి ఉండకూడదన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం.

ఇప్పుడు ఒక వరుసను ఊహించుకుని చదువుదాం. ఒక సీనియర్ ఉద్యోగి దగ్గర ముందు 4,000 షేర్లు ఉన్నాయి, ఈసాప్ కింద మరో 1,000 వచ్చాయి, కొద్ది రోజులకు 4,000 రూపాయల ధరకు 300 షేర్లను మార్కెట్లో అమ్మాడు. ఈసాప్ హక్కును వాడుకున్న రోజున మార్కెట్ ధరకూ, అతను కట్టిన ధరకూ ఉన్న తేడాను జీతంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. ఆ పన్ను నగదుగా కట్టాలి కనుక కొన్ని షేర్లు అమ్మడం మామూలే, ఇంకా 4,700 అతని దగ్గరే ఉన్నాయి. అదే వరుసలో అమ్మకం తర్వాత మిగిలిన షేర్లు చూపే గడిలో సున్నా కనిపిస్తే మాత్రం, నేను వెంటనే కంపెనీ ప్రకటనల పేజీకి వెళ్లి, ఆ తేదీకి అటూ ఇటూ అతని రాజీనామా ప్రకటన ఏమైనా ఉందేమో వెతుకుతాను.