బాకీ అంటే మిగిలినదే

అధ్యక్షులవారికి, పెద్దలకు, వెనక బెంచీలో సెల్‌ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో పది నిమిషాలు మాట్లాడమన్నారు. శాలువాలకే మూడు నిమిషాలు పోయాయి.

'శేషం' గురించి రాసుకొచ్చాను. సంస్కృతంలో 'శిష్' అంటే మిగలడం. అవశేషం, విశేషం, ఉచ్ఛిష్టం అన్నీ ఆ ఇంటివే. ప్రళయంలో అన్నీ పోయినా మిగిలేవాడు ఆదిశేషుడు. సరే, ఇది పండితులు నాకంటే బాగా చెబుతారు. ఈ కాగితం పక్కన పెడుతున్నాను.

మాది కిరాణా కొట్టు. నాన్న ఖాతా పుస్తకానికి ఎర్రగుడ్డ అట్ట. ప్రతి పేజీలో మొదటి వరస 'పాత బాకీ'. బాకీ అంటే అప్పు అనే అనుకునేవాణ్ణి. తర్వాత ఉర్దూ వచ్చిన ఒక మాస్టారు చెప్పారు, అరబ్బీలో దానికి 'మిగిలినది' అనే అర్థం అని. బకాయి కూడా దాని తోబుట్టువే. హైదరాబాదులో 'బాకీ సబ్ ఠీక్' అంటే మిగతా అంతా బాగుందని, అప్పులు తీరాయని కాదు! జమ అంటే కూడడం, ఖర్చు బయటికి పోవడం, వసూలు వచ్చి చేరడం. అన్నీ అరబ్బీ మూలాలే. పారసీలో లెక్కలు రాసిన సర్కారు కచేరీల నుంచి మన కొట్లలోకి దిగాయి. చూడండి, మన చేతిలో మిగిలితే మిగులు, ఎదుటివాడి దగ్గర మిగిలితే బాకీ!

ఒకరోజు ఒకావిడ కొట్టుకొచ్చి, బాకీ కింద కొంగుముడి విప్పి నలభై రూపాయలిచ్చింది. ఇంకా రెండుంది. అదీ తీసి ఇవ్వబోతే నాన్న, "ఉండనీ అమ్మా, అదీ తీర్చేస్తే మా కొట్టు దారి మర్చిపోతావు" అన్నాడు. లోపల్నుంచి అమ్మ, "రుణశేషం ఉంచకూడదంటారు" అంది. "ఆ మాట తీసుకున్నవాళ్ళకి, ఇచ్చినవాడికి కాదు" అన్నాడు నాన్న. పెన్సిలుతో 'బాకీ 2-00' అని రాసుకున్నాడు.

ఆ పుస్తకాలేవీ ఇప్పుడు లేవండి. నాన్న పోయాక మా ఇంట్లోవాళ్ళే కిలోల లెక్కన పాతకాగితాలవాడికి వేసేశారు. నేను ఊళ్ళో లేను. ఏ ఏడు కందిపప్పు ఎంతకి అమ్మారో, ఎవరింట్లో పెళ్ళికి ఎంత బెల్లం వెళ్ళిందో అన్నీ వాటిలోనే ఉండేవి.

అమ్మా, అయ్యా, మీ అటకల మీద అలాంటివి ఉంటే ఈ లైబ్రరీకి తెచ్చివ్వండి. చెదలు తిన్నా ఫర్వాలేదు. అతుక్కున్న పేజీలు మాత్రం మీరు విడదీయకండి.